బారిడీహ్ రోడ్డులో నల్లద్దాలు

2006 జనవరి పదకొండు, బుధవారం. ఆ పొద్దున పక్కింటి ఈశ్వరి మెంతికూర పప్పు పంపింది. మా ఆవిడ పోయాక నా వంటలో ఉప్పు ఏనాడూ కుదరలేదు కనుక, పొరుగింటి పప్పు నాకు పెద్ద ఊరట. అది తిని, మా తెలుగువాళ్లు పనికోసం వలస వచ్చిన ఈ హిందీ సీమ ఉక్కు ప్లాంటు ఊళ్లో, సాక్చి బజారులో జరిగే రహదారి భద్రతా వారోత్సవ సభకు వెళ్లాను.

"ఈ వారం దాటాక ఎదుటి బండి వెలుగుకి ఈ ఊళ్లో ఒక్క కన్ను చెదిరినా రాజకీయాలు వదిలేస్తాను!" అని మంత్రిగారు మైకులో ప్రకటించారు. జనం ఆశగా చప్పట్లు కొట్టారు.

నేను వెళ్లింది ఆటో అసిరయ్య కోసం. మూడు రోజుల కిందట, చీకటి పడ్డాక, బారిడీహ్ రోడ్డులో అతనికి ఎదురుగా ఒక కారు జినాన్ లైట్లతో వచ్చింది. ఆ తెల్లటి వెలుగులో రోడ్డు మాయమై ఆటో కాలవలో దిగింది. ఆటోలో సవారీ ఎవరూ లేరు, అది దేవుడి దయ. ఎదురొచ్చిన కారు మంత్రిగారిది, అది అసిరయ్య జాతకం. పోలీసులు అతని లైసెన్సు పట్టుకుపోయారు. సాయంత్రం ఆరు దాటాక బజారుకి వచ్చిపోయేవాళ్లే అతని బేరం. లైసెన్సు లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆ లైట్లు మంత్రిగారి పుట్టినరోజుకి కానుకగా బిగించినది పార్టీ తెలుగు విభాగం అధ్యక్షుడు సోమేశ్వరరావు గారు. ఆయన్నే పక్కకు పిలిచాను.

"రావుగారూ, కారుతో రాని జినాన్ కిట్టు బయట బిగించుకోవడం చట్టవిరుద్ధం కదా. తీయించేస్తే సరిపోదా?"

"గురువుగారూ, చదువుకున్నవారు మీరే అలా అంటే ఎలా? తీసేస్తే, ఉండేదని ఒప్పుకున్నట్టు కాదూ?"

ఈ తర్కం నుంచి నేను తేరుకునేలోపు ఆయన నన్ను వేదిక ఎక్కించి, "ప్లాంటు సేఫ్టీలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు సార్" అని పరిచయం చేశారు.

"ప్లాంటులో వెల్డింగ్ వెలుగు కళ్లలో పడకుండా ఏం చేసేవారు?" మంత్రిగారు అడిగారు.

"నల్లద్దాలు ఇచ్చేవాళ్లం సార్. కానీ వెల్డరు ఒక్కచోట కూర్చుని..."

"బస్, బస్, చాలు!" మైకు నా ముందు నుంచి మంత్రిగారి చేతికి వెళ్లిపోయింది. అక్కడికక్కడే పథకం పుట్టింది: సాయంత్రం ఆరు దాటాక ఆటోవాళ్లందరికీ నల్లద్దాలు.

శనివారం సాయంత్రం మైదానంలో ప్రయోగం. నలభై మంది ఆటోవాళ్లు వెల్డింగ్ అద్దాలు పెట్టుకుని వరసగా నిలబడ్డారు. ఎదురుగా మంత్రిగారి కారు, లైట్లు పూర్తిగా వెలిగించి. కారు వెనక నిలబడ్డ మంత్రిగారు అసిరయ్యనే ఎంచుకున్నారు. అదీ ఆయన పెద్దమనసే.

"వెలుగు కనపడుతోందా?"

"మిణుగురంత ఉంది బాబూ."

"కళ్లు చెదురుతున్నాయా?"

"నేదు బాబూ."

"నా కారు?"

"కారేటి బాబూ, నా సెయ్యే నాకు కనపడ్నేదు!"

"విన్నారా?" మంత్రిగారు విలేకరుల వైపు తిరిగారు. "గ్లేర్ సున్నా!"

వరసలోంచి ఎవరో, "మరి గాడీ ఎలా తోలేది సాబ్?" అన్నారు. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు ఓపికగా వివరించాడు: "అది డ్రైవింగ్ విషయం. ఇది కంటి రక్షణ. రెండూ కలపకండి."

తర్వాత లైసెన్సు తిరిగి ఇచ్చే ఘట్టం. ఆరు దాటాక అద్దాలు లేకుండా బండి తోలితే లైసెన్సు రద్దని రాసిన కాగితం మీద మిగతా ఆటోవాళ్లతో పాటు అసిరయ్యా వేలిముద్ర వేశాడు. అద్దాలతోనే లైసెన్సు అందుకోబోయాడు. చాచిన చెయ్యి పక్కనే నిలబడ్డ సోమేశ్వరరావు గారి జేబులోకి వెళ్లింది. ఆయన ఉలిక్కిపడినంతగా సభలో ఇంకెవరూ ఉలిక్కిపడలేదు.

తిరిగి వస్తూ అసిరయ్య నాతో అన్నాడు.

"బాబుగారూ, అద్దాల మాట తమరే సెప్పినారంట?"

"సగమే చెప్పానయ్యా."

"మిగతా సగం ఎప్పుడు సెప్తారు?"

మర్నాడే ఆ సగం చెప్పడానికి సోమేశ్వరరావు గారింటికి వెళ్లాను. కాఫీ మంచిది ఇచ్చారు. "వారోత్సవం అయిపోతోంది గురువుగారూ. అది వచ్చే జనవరికి ఉంచండి" అన్నారు.

నెల తిరిగేసరికి పత్రికలో మంత్రిగారి ఫొటో వచ్చింది. బారిడీహ్ రోడ్డులో సాయంత్రం ఆరు దాటాక ఆటో ప్రమాదాలు సున్నా అనీ, ఈ విజయాన్ని చూసి నేర్చుకోవడానికి పక్క జిల్లాల అధికారులు వస్తున్నారనీ రాశారు. పత్రిక పట్టుకుని అసిరయ్య ఇంటికి వెళ్లాను. అతను ఆటోని రేకుల షెడ్డులోకి తోస్తున్నాడు. నేనూ ఒక చెయ్యి వేశాను.

"ఏటి రాసినారు బాబూ?"

"సున్నా అని."

"నిజమే రాసినారు."

చేతి గడియారం చూసుకున్నాడు. ఆరుకి పది నిమిషాలుంది. పడమట ఇంకా కొంచెం ఎరుపు మిగిలే ఉంది. షెడ్డు తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు లాగి, రాత్రికి గడియ పెట్టేశాడు.