క్యాబేజీ జాడీ మీది రాయి

"ఈ చాంగ్‌చున్ నగరంలో పోలీసులున్నారు, కెమెరాలున్నాయి, వాసన పట్టే కుక్కలున్నాయి. కానీ నేరస్థుడి గుండెల్లో రైళ్లు పరుగెత్తించే బుర్ర మాత్రం ఒక్కటే ఉంది. అది ఈ టోపీ కింద ఉంది!" అని ప్రకటించాడు చియావ్ యోంగ్‌ఫు.

"టోపీ తిరగేసి పెట్టుకున్నావు," అంది అతని భార్య షూలాన్, పిండి పిసుకుతూనే.

యోంగ్‌ఫు జన్మంతా ట్రాము నడిపాడు. పట్టాల మీద తప్ప నడవలేని బండిని కూడా దారి తప్పించిన ఘనుడని తోటి డ్రైవర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. రిటైరయ్యాక డిటెక్టివ్ అవతారమెత్తాడు. మొదటి కేసు, పక్కింటివాళ్ల తప్పిపోయిన పిల్లి. వారం తిరక్కుండా పిల్లిని పట్టుకొచ్చాడు. అది పక్కింటివాళ్లది కాదు.

ఈసారి పోయింది పిల్లి కాదు, షూలాన్ అత్తగారి రాయి.

చలి ముదరకముందే ఆవిడ ఏటా నడుమెత్తు జాడీలో క్యాబేజీ ఊరవేస్తుంది. వరసకో గుప్పెడు ఉప్పు, నిండా నీళ్లు, పైన బరువుకు ఆ రాయి. బరువు లేకపోతే క్యాబేజీ పైకి తేలి కుళ్లిపోతుంది. పెళ్లైన కొత్తలో మామగారు సోంగ్‌హువా నది ఒడ్డు నుంచి మోసుకొచ్చిన రాయి అది. దాన్ని జాడీలోకి దించే పని ఎప్పుడూ ఆయనదే. మొన్న వసంతంలో ఆయన పోయాడు. అప్పటినుంచి అత్తగారు అడిగినదానికి తల ఊపడమే తప్ప పెద్దగా మాట్లాడటం లేదు. అలాంటిది పోయిన వారం తనంతట తనే లేచి బాల్కనీలోకి వెళ్లి, క్యాబేజీలు ఆరబెట్టి, రాయి కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టిపెట్టింది. షూలాన్ ప్రాణం కాస్త కుదుటపడింది. సోమవారం చూస్తే రాయి లేదు. ఆవిడ మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంది.

"ఇంకో రాయి తెస్తాలే అమ్మా," అన్నాడు యోంగ్‌ఫు.

"మీ నాన్న పోతే ఇంకో నాన్నని తెచ్చావుట్రా?"

దాంతో అతనికి పౌరుషం పొడుచుకొచ్చింది. టోపీ పెట్టుకున్నాడు.

"మన ఇంటికి వారం వారం వచ్చేదెవరు?" అన్నాడు గొంతు తగ్గించి.

"వోలా. శని, ఆదివారాలు మనింట్లో గడపమని కాలేజీవాళ్లు పంపే పిల్ల."

"ఏ దేశం?"

"మడగాస్కర్. తెలిసి ఎందుకడుగుతావు?"

"ఏం చదువుతోంది?"

"భూగర్భశాస్త్రం."

"అంటే రాళ్లు! రత్నాలు దొరికే దేశం నుంచి వచ్చిన పిల్ల, రాళ్లు చదివే పిల్ల, రాయి పోయిన ఇంట్లో! షూలాన్, అది మామూలు రాయి కాదు. దాని కడుపులో వజ్రం ఉంది. దీని వెనక అంతర్జాతీయ ముఠా ఉంది."

"ముప్పూటలా క్యాబేజీ నీళ్లు తాగిన రాయి. దాని కడుపులో ఉంటే గింటే గ్యాసుంటుంది." షూలాన్ చేతులు దులుపుకుని అతని ఎదుట నిలబడింది. "విను. అత్తయ్య నోరు విప్పేది ఆ పిల్ల ఉన్న రెండు రోజులే. నువ్వు అనుమానించావని తెలిస్తే వోలా మళ్లీ మన గడప తొక్కదు. అప్పుడీ ఇల్లు ఎలా ఉంటుందో ఆలోచించుకో."

"అందుకే రహస్య విచారణ. 'రాయి' అన్న మాట ఎవరి నోటా రాకూడదు. నేరస్థుడే నోరు జారాలి."

శనివారం వోలా పళ్ల సంచితో వచ్చింది. ఎందుకమ్మా ఇవన్నీ అని షూలాన్, ఏముంది పిన్నీ అని వోలా గుమ్మంలోనే కాసేపు పెనుగులాడుకున్నారు.

"పిన్నీ, పోయిన వారం మీరు నా సంచిలో పెట్టింది ఎంత బాగుందో! చాలా థాంక్స్."

"అబ్బే, అదెంత! చెప్పుకోవాల్సిన వస్తువా అది!"

"బల్ల మీద పెట్టుకుని రోజూ చూస్తున్నాను."

షూలాన్ తెల్లబోయింది. ఆమె పెట్టింది ఉడకబెట్టిన చిలగడదుంపల మూట. ప్రతి ఆదివారం వోలా వెళ్లేముందు యోంగ్‌ఫు గుమ్మం దగ్గర ఆమెను మాటల్లో పెడితే, షూలాన్ గబగబా సంచిలో ఏదో ఒకటి కుక్కేస్తుంది. చూస్తే ఆ పిల్ల వద్దంటుంది మరి. "చూస్తూ కూర్చుంటే పాడైపోతాయి తల్లీ, తినెయ్యాలి," అంది.

వోలా అదేదో హాస్యమనుకుని పకపకా నవ్వింది.

భోజనాల దగ్గర విచారణ మొదలైంది. అతిథిని ఖాళీ కడుపుతో నిలదీయడం యోంగ్‌ఫు వంశంలో లేదు.

"పోయిన ఆదివారం సాయంత్రం నువ్వెక్కడున్నావు? ఇంద, ఈ కుడుము వేసుకో."

"ఇక్కడే కదా, బాబాయ్."

"ఆహా! ఒప్పుకుంది! ఇంకో రెండు వేసుకో. ఈ మధ్య నీ సంచి బరువెక్కిందా?"

"మీ ఇంటి నుంచి వెళ్లేటప్పుడు ఎప్పుడు తేలిగ్గా ఉంది బాబాయ్?"

"నీ వెనక ఎవరున్నారు?"

వోలా వెనక్కి తిరిగి చూసింది. "నాయనమ్మ."

"పిల్లని తిననివ్వరా," అంది అత్తగారు. రాయి పోయిన రోజు తర్వాత ఆవిడ నోట అదే మొదటి మాట. షూలాన్ మొగుడి కాలు గట్టిగా తొక్కింది.

ఆదివారం అతను బాల్కనీలో క్యాబేజీల మీద కప్పిన పాత బొంతలో దూరి మాటు వేశాడు. షూలాన్ బట్టలు ఆరెయ్యడానికి వెళితే, బొంత ఏదో నములుతోంది.

"ఏం తింటున్నావు?"

"ష్! మూలన మూటలో చిలగడదుంపలు దొరికాయి. ఎండిపోయాయి గానీ, విధి నిర్వహణలో తప్పదు."

"ఏ మూట? దుంపల మూట నేను పోయిన వారమే వోలా సంచిలో..." షూలాన్ మాట సగంలో ఆగిపోయింది. ఆ మూలన రెండు మూటలుండేవి.

సరిగ్గా అప్పుడే అత్తగారి వెనకాలే వోలా, చేతిలో సంచితో, బాల్కనీలోకి వచ్చింది. సంచి కింద పెట్టింది. "కదలకు!" అంటూ బొంత పైకి లేచింది. లేచిన బొంత కాలికి చుట్టుకుంది. యోంగ్‌ఫు బొటనవేలు పోయి సంచికి కొట్టుకుంది.

అతను వేసిన కేకకు కింది వీధిలో కుక్కలు జవాబిచ్చాయి.

"చచ్చాన్రోయ్! సంచిలో బండ! హత్యాయత్నం!" అంటూ సంచిలో చెయ్యి పెట్టి రాయిని బయటికి లాగాడు. "అమ్మా, దీన్ని అవతల పడెయ్, దర్యాప్తుకి అడ్డం!" అని తల్లి చేతుల్లో పెట్టి, మళ్లీ సంచి వెతకసాగాడు.

ఆవిడ రాయిని పొట్టకు ఆనించి పట్టుకుంది.

"నువ్వు వెతికేది ఏ రాయయ్యా?" అంది షూలాన్ చివరికి.

"నున్నగా, నల్లగా, మధ్యలో తెల్ల చారతో..." యోంగ్‌ఫు తలెత్తి తల్లి చేతులకేసి చూశాడు. వేలి నొప్పి కూడా మర్చిపోయాడు.

"నాయనమ్మా, ఇది ఏ నది రాయో అడుగుదామని తెచ్చాను," అంది వోలా. "మా కాలేజీలో ఎవరూ చెప్పలేకపోయారు. ఎవరిచ్చారంటే మా చైనా ఇంటివాళ్లని గొప్పగా చెప్పాను."

"మూటలు తారుమారు చేసింది నేనే," అంది షూలాన్. "నువ్వైనా చెప్పొద్దుటే!"

"థాంక్స్ చెప్పాను కదా పిన్నీ! మీరే, అదెంత అన్నారు!"

"థాంక్స్ చెబితే ఇంకేమంటారే ఎవరైనా?"

వోలా నవ్వబోయి ఆగింది. ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టుంది. "అయితే, నిన్న బాబాయ్ అడిగినవన్నీ... నన్ను దొంగనుకున్నారా?"

యోంగ్‌ఫు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"వాడి మొహం, వాడికి పిల్లీ తెలీదు, మనిషీ తెలీదు," అంది అత్తగారు. "నువ్వు పోయి చేతులు కడుక్కురా."

"ఎందుకు నాయనమ్మా?"

"క్యాబేజీ ఎవరు పేరుస్తారు? నాకు నడుం వంగదు."

ఇన్ని వారాల్లో ఆ ఇంట్లో వోలాను ఒక్క గిన్నె కూడా కడగనివ్వలేదు. అతిథి చేత పని చేయించే ఇల్లు కాదది. షూలాన్ అత్తగారి వంక చూసి, లోపలికి వెళ్లి, తన ఏప్రన్ తెచ్చి వోలాకు కట్టింది.

యోంగ్‌ఫు కుర్చీలో కూర్చుని వేలికి కట్టు కట్టుకుంటూ, కేసు అనుకున్న పథకం ప్రకారమే ముగిసిందని కిటికీకి చెప్పుకున్నాడు. ఈలోగా జాడీ నిండింది. అత్తగారు రాయిని వోలా చేతుల్లో పెట్టింది.

"మెల్లగా దించు. ఆయన దబ్బున పడేసేవాడు. నీళ్లన్నీ నా మొహాన కొట్టేవి."

వోలా రెండు చేతులతో మెల్లగా దించింది. క్యాబేజీ అణిగింది. నీళ్లు చప్పుడు లేకుండా పైకొచ్చి రాయి చుట్టూ నిలిచాయి.

అత్తగారు మోచేత్తో మొహం తుడుచుకుంది.

"ఆగండి!" అన్నాడు యోంగ్‌ఫు కుర్చీలోంచి. "నీళ్లు చిందలేదు. మరి అమ్మ మొహం ఎలా తడిసింది? ఇందులో ఏదో మర్మం ఉంది."

"ఈ కేసు నీకక్కర్లేదు," అంది షూలాన్.