యలమంద నిద్రపొడి

ఆ రోజుకి యలమంద వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం పెరుగన్నం తిని, వసారాలో నులక మంచం వాల్చుకుని, ఒక్క గంట కునుకు తీయాలి. ముసునూరులో వేసవి పూట అందరూ చేసే పనే అది. యలమందకు మాత్రం నెల రోజులుగా చేతకావడం లేదు.

కారణం పదెకరాల మామిడి తోట. కాయ కోతకొచ్చే రోజులు. ఆకు కదిలితే చాలు, ఎన్ని కాయలు రాలాయో అని లేచి కూర్చునేవాడు. తాను మేలుకుని ఉండబట్టే గాలివాన ఆగిందని కూడా ఆయనకొక నమ్మకం ఉండేది గానీ, పైకి అనేవాడు కాదు. మందులకేం లోటు లేదు. గేదెపాలలో గసగసాలు నూరి తాగాడు. జాజికాయ అరగదీసి తాగాడు. అరికాళ్లకు నెయ్యి రాసుకుంటే నిద్ర రాలేదు, చీమలు వచ్చాయి. చివరికి హనుమాన్ జంక్షన్‌లో మూలికలు అమ్మే ఒకాయన దగ్గర పొడి కొన్నాడు. అందులో అశ్వగంధ ఉందట, జటామాంసి ఉందట, పేరు చెప్పకూడనివి ఇంకో రెండున్నాయట. “రోజుకొక్క చెంచా, పాలల్లో. రెండో చెంచా వేశారంటే పొద్దెక్కినా లేవరు, తర్వాత నన్నడగొద్దు” అని ఆయన మరీ మరీ చెప్పాడు. యలమంద ఆ పొడిని స్టీలు డబ్బాలో పోసి వంటింటి అలమరలో పెట్టుకున్నాడు. పది రోజులుగా మందు పనిచేస్తోందని, నిన్న ఏకంగా పావుగంట కన్నంటుకుందని కనబడినవాళ్లందరికీ చెబుతున్నాడు.

భార్య తులసమ్మ పథకం అంత చిన్నది కాదు. ఆ రోజు ఆవకాయ. కూతురు హరిచందనకు పెళ్లయ్యాక ఇది మొదటి వేసవి. ఉంగుటూరులో అత్తవారింటికి పుట్టింటి జాడీ వెళ్లాలి. వియ్యపురాలు రాజ్యలక్ష్మి పెళ్లి భోజనాల్లో ఆవకాయ నాలిక్కి రాసుకుని, “కాయ మంచిదేనండీ” అని ఊరుకుంది. ఆ ఊరుకోవడం మూడు నెలలుగా తులసమ్మను తినేస్తోంది. ఈ జాడీతో ఆవిడ నోట రెండో మాట అనిపించకపోతే తన పేరు తులసమ్మే కాదనుకుంది.

అందుకని చీకటితోనే లేచి, పక్కింటి మగ్దలేనమ్మను లేపింది. ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన మగ్దలేనమ్మ చెయ్యి పడితే ఆవకాయ రెండేళ్లకైనా రంగు తిరగదని వీధిలో పేరు. గుప్పెళ్లకొద్దీ మెంతిపిండి వేయడం ఆవిడ ప్రత్యేకం. జాడీ తీసుకెళ్లడానికి ముందురోజే వచ్చిన అల్లుడు అభిరామ్‌ను కత్తిపీట ముందు కూర్చోబెట్టారు. పాపం, బ్యాంకు ఉద్యోగి. నూట యాభై కాయలు టెంకతో సహా ముక్కలు కొట్టేసరికి భుజం పట్టేసింది.

పన్నెండింటికి ఆవకాయ కలవడం అయింది. రెండు జాడీలకెత్తి వాసెన గుడ్డలు కట్టారు. కలిపిన బేసిన్ మిగిలింది. ఆ బేసిన్‌లో పొగలు కక్కే అన్నం పడేసి, నెయ్యి పోసి, అంచులకంటిన పిండంతా కలిపి ముద్దలు తినకపోతే ఆవకాయ పెట్టినట్టే కాదు. ముగ్గురూ తిన్నారు. బీపీ అని డాక్టరు ఊరగాయలు మాన్పించిన యలమంద మాత్రం వసారాలో పెరుగన్నం ముందు కూర్చుని, వాళ్ల లొట్టలు వింటూ కడుపు నింపుకున్నాడు.

ఒంటిగంటన్నరకు ఇల్లంతా సద్దుమణిగింది. మజ్జిగ కోసం లోపలికి వెళ్లిన యలమంద గడప మీదే ఆగిపోయాడు. మగ్దలేనమ్మ గోడకి జారగిలబడి గురక పెడుతోంది. అభిరామ్ గచ్చు మీద బోర్లా పడి ఉన్నాడు. అది సరే, తులసమ్మ కూడా నిద్రపోతోంది. ముప్పయ్యేళ్ల కాపురంలో ఆవిడ పగటిపూట నడుం వాల్చగా యలమంద చూడలేదు. అప్పుడు ఆయన చూపు బేసిన్ పక్కకి పోయింది. అక్కడ తన స్టీలు డబ్బా ఉంది. మూత తీసి ఉంది. అడుగున చిటికెడు పొడి కూడా లేదు.

రెండు చెంచాలకే లేవరంటే, వీళ్లు డబ్బాడు తిన్నారు. పెళ్లాన్ని కుదిపాడు. ఆవిడ “ఊఁ” అని అటు తిరిగింది. అల్లుణ్ణి కుదిపాడు. అతను ఆ పాటి కూడా అనలేదు. వెంటనే మగ్దలేనమ్మ కోడలు వినీలకు ఫోన్ చేశాడు. ఆమె నర్సు, పక్క ఊళ్లో పిల్లలకు టీకాలు వేస్తోంది.

“గురక పెడుతున్నారా, బాబాయిగారూ?”

“మీ అత్తగారు పెడుతున్నారమ్మా.”

“అయితే ఊపిరాడుతున్నట్టే. ముగ్గుర్నీ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. అంబులెన్స్ తీసుకుని నేనొస్తున్నా. ఆ పచ్చడి ఇంకెవరూ నోట్లో పెట్టుకోకుండా చూడండి.”

తిప్పి పడుకోబెట్టాడు. తర్వాత, అల్లుడి ప్రాణం మీదికొస్తే దాచడం పాపమని వియ్యపురాలికి చేశాడు. నెమ్మదిగా చెబుదామనే అనుకున్నాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

“చెల్లెమ్మగారూ, మీ అబ్బాయికి అన్నంలో నిద్రమందు పడిందండీ. లేవడం లేదు.”

అవతల గిన్నె కిందపడిన చప్పుడు, కారు తాళాలేవంటూ హరిచందన ఏడుపు వినిపించి, ఫోన్ ఆగిపోయింది.

ఇక పచ్చడి. మూతపెట్టి పక్కన ఉంచమని వినీల ఉద్దేశం. కానీ కొత్తావకాయ పెట్టారంటే ఆ వీధిలో నాలుగిళ్ల వాళ్లు గిన్నెలతో వస్తారు. ఊరిని చంపిన పాపం మనకెందుకని యలమంద పలుగూ పారా తీసుకుని పెరట్లోకి నడిచాడు. రెండింటి ఎండలో నడుం లోతు గుంట తవ్వాడు. రెండు జాడీలూ ఒకటొకటిగా మోసుకెళ్లి వంపేశాడు. మట్టి కప్పి, తొక్కి, పైన బండరాయి దొర్లించాడు. ఖాళీ జాడీలను మళ్లీ గదిలో పెట్టి, వాసెన గుడ్డలు యథాప్రకారం కట్టాడు. అదెందుకో ఆయనకీ తెలియదు.

అంబులెన్స్ సైరన్‌కి ముగ్గురూ ఉలిక్కిపడి లేచారు. వినీల వరసగా బీపీలు చూసి, ముగ్గురికీ తనకంటే బాగుందని తేల్చింది. పెరట్లో గుంట సంగతి తప్ప జరిగిందంతా యలమంద చెప్పాడు. తులసమ్మ కళ్లు నులుముకుంటూ విన్నది.

“ఆ డబ్బాలో నిద్రపొడి ఎక్కడుందండీ? పురుగు పడితే పది రోజుల కిందటే పారబోశాను. కడిగి ఎండబెట్టి మెంతిపిండి పోసుకున్నాను.”

“మరి నేను పది రోజులుగా పాలల్లో వేసుకుంటున్నదేంటి?”

“మెంతిపిండే. చెబుదామనుకునేలోపే మందు పనిచేస్తోందని సంబరంగా చెప్పారు. మనసొప్పక ఊరుకున్నాను.”

మరి పట్టపగలు అందరూ ఎందుకు పడిపోయారని యలమంద నీరసంగా అడిగాడు. చీకటితో లేచి నూట యాభై కాయలతో కుస్తీ పట్టి, బేసిన్‌లో నేతిముద్దలు తిన్నవాళ్లు పడుకోక ఏం చేస్తారని మగ్దలేనమ్మ అడిగింది. యలమంద పైపై ముక్కలైనా దక్కుతాయేమోనని ఎవరూ చూడకుండా పెరట్లోకి జారుకున్నాడు.

అంతలో ఉంగుటూరు కారు ఆగింది. హరిచందన కంటే ముందే రాజ్యలక్ష్మి పరుగున వచ్చి కొడుకుని నెత్తి నుంచి పాదాలదాకా తడిమి చూసింది. అభిరామ్ తల్లిని కుర్చీలో కూర్చోబెట్టాడు.

“నాకేం కాలేదమ్మా. ఆ బేసిన్ ముద్ద తింటే నువ్వూ అలాగే పడుకునేదానివి. నా జన్మలో అలాంటి ఆవకాయ తినలేదు.”

రాజ్యలక్ష్మి నిమ్మళించింది. తులసమ్మ వైపు తిరిగి, మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వింది.

“అయితే జాడీ ఇలా తెప్పించండి వదినగారూ. ఓ ముక్క నేనూ చూస్తాను.”

మూడు నెలల ముల్లు ఒక్క మాటతో ఊడిపోయింది. తులసమ్మ లోపలికి వెళ్లి వాసెన విప్పింది. రెండోదీ విప్పింది. చాలాసేపటికి ఖాళీ జాడీ చంకన పెట్టుకుని బయటికొచ్చింది. ఆవిడ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. గది గడప నుంచి పెరటి దాకా ఎర్రటి నూనె చుక్కలు మాత్రం ఉన్నాయి. ఎవరూ ఏమీ అడక్కుండా అందరూ ఆ చుక్కల వెంటే నడిచారు.

బండరాయి సగమే పక్కకి జరిగి ఉంది. దానికి తల ఆనించి, పార ఒళ్లో పెట్టుకుని, ఒళ్లంతా మట్టితో యలమంద గాఢనిద్రలో ఉన్నాడు. నెల రోజుల తర్వాత పట్టిన నిద్ర. లేపడానికి ఎవరికీ మనసు రాలేదు, తులసమ్మకు తప్ప.