చరిత్ర మాస్టారి జ్ఞానదంత సంగ్రామం

వినండి, ముప్పైరెండు పళ్లూ నిండుగా మెరుస్తున్న భాగ్యశాలులారా! వినండి, లెక్కలో ఒకటీ అరా తగ్గినా నవ్వడం మానని ధీరులారా! పళ్లసెట్టును గ్లాసునీళ్లలో పవళింపజేసే వయోవృద్ధులారా, మీరు ఇంకాస్త ముందుకు జరిగి వినండి! నోరు ఇంతగా తెరిచి ఉండి కూడా ఒక్క మాట బయటపెట్టలేక అల్లల్లాడిన ఒక మహావీరుని గాథ ఇది.

ప్రచండ మార్తాండుడు వీధిలో నిలిపిన స్కూటర్ల సీట్లను పెనాల్లా కాలుస్తున్న వేళ, మందుల షాపు పక్కన, ఇద్దరు ఎదురైతే ఒకరు వెనక్కి దిగక తప్పని ఇరుకు మెట్లెక్కితే వచ్చే దంతవైద్యశాలలో, లవంగనూనె వాసన గోడలకు సైతం అంటుకున్న లోపలి గదిలో, నీలి రెగ్జిన్ సింహాసనం మీద, తల కిందికీ కాళ్లు పైకీ పెట్టుకుని శయనించి ఉన్నాడు మన కథానాయకుడు. ఆయన ఎవరనుకున్నారు? సుద్దముక్క ధూళి ధూసరిత కరకమలుడు, వెనకబెంచీ గర్వభంజనుడు, ఏ రాజు ఏ యేట గద్దెనెక్కాడో నిద్రలో లేపి అడిగినా చెప్పగల ఘనాపాటి, రిటైరైనా పాఠం ఆపని చరిత్ర మాస్టారు! ఆయన కింది దవడ చిట్టచివర, బుగ్గచాటు చీకటి కోటలో, వంకరగా మొలిచి వారం రోజులుగా తిరుగుబాటు చేస్తున్న ఒక జ్ఞానదంతాన్ని పెకలించడానికే ఈ దండయాత్ర.

ఎదుట నిలిచినవాడు సామాన్యుడా? కాదు. పట్టకారు ఆయుధంగా, తెల్లకోటు కవచంగా, నుదుటి దీపం మూడోకన్నుగా ప్రకాశించే దంతవైద్యుడు. పైగా మాస్టారి పూర్వ శిష్యుడు. పేషెంటు భయం పోగొట్టడానికి కబుర్లు చెప్పడం ఆయన వృత్తిధర్మం. ముందుగా నొప్పి తెలియని సూదిమందు ఇచ్చి, నోట్లో దూదీ, ఉమ్మిని పీల్చే గొట్టమూ అమర్చి ఇలా అన్నాడు.

"మాస్టారూ, మీరు మాట్లాడకండి. నొప్పి అనిపిస్తే ఎడమచెయ్యి ఎత్తండి చాలు. నేను చూసుకుంటాను."

హా! ఈ ఒక్క నియమమే తర్వాతి అనర్థాలన్నిటికీ మూలమైంది.

బయటి హాల్లో టీవీ ఏదో యుద్ధం గురించి గొంతు చించుకుంటోంది. డాక్టరు మందు పట్టేదాకా ఊరికే ఎందుకని, గురువుగారికి ఇష్టమైన విషయమే ఎత్తుకున్నాడు.

"విన్నావామ్మా," అన్నాడు నర్సుతో, "ఆ అగ్రరాజ్యం ఉందే, దాని సైన్యం ఇంతవరకు ఒక్క యుద్ధం కూడా ఓడిపోలేదు తెలుసా? ఇది నేను చెప్తున్నది కాదు. మా మాస్టారే పాఠంలో చెప్పారు."

పడుకున్న మాస్టారి కనుగుడ్లు ఒక్కసారిగా పెద్దవయ్యాయి. ఒక్క యుద్ధం కూడానా? నేనా? నేను చెప్పానా? జీవితమంతా బోర్డు ముందు నిలబడి తప్పు సంవత్సరం కూడా రాయని మనిషి పేరు మీద ఇంత పచ్చి అబద్ధమా? ఆయన హృదయకుహరంలో ఒక సింహం లేచి జూలు విదిలించింది.

"ఓయీ శిష్యా! ఏమంటివి, ఏమంటివి! నా నోట వెలువడని వాక్యమును నా నోటిముందే నా నెత్తిన రుద్దుచుంటివా? నిలువుము! నీ పట్టకారును పక్కన బెట్టి నా వాగ్బాణములను కాచుకొనుము!"

బయటికి వచ్చింది మాత్రం "ఆఁ... హ్హ... ఆఁ" అన్నదే. అందుకని ఖండనగా, ధిక్కారంగా, విజయధ్వజంలా ఎడమచెయ్యి పైకెత్తాడు.

"అయ్యో, నొప్పిగా ఉందా మాస్టారూ?" అంటూ డాక్టరు కంగారుగా ఇంకో సూది గుచ్చాడు.

నాలుకలో సగం నిద్రపోయింది.

నర్సు ఊరుకునే పిల్ల కాదు. "ఏంటి సార్ ఓడిపోలేదంటారు? వాళ్ల అధ్యక్షుడి ఇల్లే తగలబెట్టేశారంట కదా ఒకప్పుడు. నేను ఫోన్లో చూశాను."

"ఇల్లు కాలింది, దేశం కాలేదుగా. మళ్లీ కట్టుకుని తెల్లరంగు వేసుకున్నారు."

"మా ఇల్లు ఎవరైనా తగలబెడితే మా అమ్మ రంగు వేసుకుని ఊరుకోదు సార్."

"మరి వియత్నామో నాయనా?" అంది మూల స్టూలు మీద చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మాస్టారి భార్య. పెళ్లయిన నాటినుంచి అన్నంతోపాటు చరిత్ర కూడా తింటున్న ఇల్లాలు ఆమె. "మేడ మీంచి హెలికాప్టరెక్కి పోయారని ఈయన చెప్పి చెప్పి నా చెవులు తూట్లు పొడిచారు."

"అదేనండీ అమ్మగారూ నేను చెప్పేది! ఓడిపోలేదు, వచ్చేశారు. సైన్యం అక్కడ దాదాపు ప్రతి పోరాటమూ గెలిచిందని మాస్టారు క్లాసులో బల్ల గుద్ది చెప్పారు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది."

అప్పుడు, శ్రోతలారా, మన వీరుని స్మృతిపథంలో మెరుపు మెరిసింది. ఆ క్లాసు ఆయనకు గుర్తొచ్చింది. 'ఆ సైన్యం అక్కడ దాదాపు ప్రతి పోరాటమూ గెలిచింది' అన్నది తానే. కామా పెట్టి, శ్వాస పీల్చి, 'అయినా యుద్ధం ఓడింది' అనబోతున్నంతలో ఇంటిబెల్లు మోగింది. పిల్లలు కట్ట తెగిన చెరువులా గుమ్మంలోంచి పారిపోయారు. మర్నాడు కొత్త పాఠం. అంటే ఈ డాక్టరు, ఇంత చదువు చదివి, పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, ఇన్నేళ్లూ సగం వాక్యంతోనే బతికేశాడు! ఇంకెంతమందికి చెప్పాడో! ఎన్ని నోళ్లు తెరిపించి, ఎన్ని చెవుల్లో ఈ సగాన్ని పోశాడో!

మిగిలిన మూడే మూడు మాటలు. అవి చెప్పకుండా ఈ కుర్చీ దిగితే తాను చరిత్ర మాస్టారే కాదు.

"మూడు మాటలు! ముల్లోకములు అడ్డుపడినను మూడు మాటలు పలుకుదును గాక!" అని లోలోపల ఘోరప్రతిజ్ఞ చేసి, మళ్లీ ఎడమచెయ్యి ఎత్తాడు.

మళ్లీ సూది. ఈసారి కింది పెదవి కూడా కాలం చేసింది.

"ఇక ఇంతకుమించి ఇవ్వకూడదు మాస్టారూ. కాస్త ఓర్చుకోండి," అన్నాడు డాక్టరు ప్రేమగా.

ఎడమచెయ్యి శత్రుపక్షంలో చేరిపోయిందని గ్రహించిన వీరుడు కుడిచెయ్యి ప్రయోగించాడు. నర్సు గబుక్కున పట్టుకుని, "తాతగారూ, ట్రే తగుల్తుంది, చేతులు కింద పెట్టుకోండి" అని బిడ్డను జోకొట్టినట్టు జోకొట్టింది. రెండు చేతులూ పోయిన సేనాని కాళ్లతో యుద్ధానికి దిగాడు. పాదాలు టపటపా కొట్టాడు. భార్య లేచొచ్చి, "ఏసీ గాలికి ఈయనకి కాళ్లు చల్లబడతాయి నాయనా" అని సంచీలోంచి తువ్వాలు తీసి రెండు పాదాలూ కలిపి చుట్టేసింది.

ఇలా చతుర్దిశలా బందీ అయిన మహావీరుడు పైకప్పుకేసి చూస్తూ ఉండగా, సగం తలుపు మీంచి ఒక వాచిన బుగ్గ లోపలికి తొంగిచూసింది. బయట తన వంతు కోసం కూర్చున్న లారీ డ్రైవరు.

"డాక్టరుగారూ, ఇందాకట్నించీ వింటున్నా. లోడు దించకుండా బండి వెనక్కి తిప్పుకొచ్చి, ట్రిప్పు పోలేదండీ, నేనే వచ్చేశానంటే మా ఓనరు ఒప్పుకుంటాడా?"

"మీరు బయట కూర్చోండి."

"బుగ్గ నొప్పిగా ఉందండీ, వాదన వింటుంటే కాస్త మర్చిపోతున్నాను. మరి కొరియా ఏమైంది?"

"అది డ్రా!"

"డ్రా అయితే కప్పు ఎవరు పట్టుకెళ్లారంట?" అని నర్సు నవ్వింది.

మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్ని వర్క్‌షాపులకెళ్లినా దొరకని క్లాసు ఇది! అందరూ అడిగేవాళ్లే, ఒక్కరూ బెల్లు కోసం చూసేవాళ్లు లేరు. చెప్పగలిగినవాడొక్కడే దూది నమిలే స్థితిలో ఉన్నాడు.

"మందు పట్టేసింది. మొదలెడదామా?" అన్నాడు డాక్టరు.

ఇక ఆ దంతసమరాన్ని ఏమని వర్ణించను! ఉక్కు ఉలిని చిగురుకూ పంటికీ నడుమ దూర్చి శిష్యుడు ఒత్తుతుంటే, పర్వతాన్ని కదిలించబూనిన ఏనుగులా అతని భుజాలు వణికాయి. పన్ను కదల్లేదు. పట్టకారు పట్టాడు. జారింది. పెద్ద పట్టకారు పట్టాడు. అదీ జారింది. దీపం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. పైనుంచి దాడి, పక్కనుంచి దాడి, నర్సు మాస్టారి తల గట్టిగా పట్టుకుంటే అడుగునుంచి దాడి. చమట ధారలై మాస్కులోకి ఇంకింది. ఆ వంకరపన్ను మాత్రం, అది పుట్టిన నేల, అది పెరిగిన దవడ, వేరు దించిన ప్రతి అంగుళమూ దానికి తెలుసు కనుక, బుగ్గచాటున పడుకుని, వచ్చిన ఆయుధాన్ని వచ్చినట్టే పంపించేసింది.

తువ్వాలు చుట్టిన కాళ్ల దగ్గరనుంచి భార్య అడిగింది. "వస్తుందా నాయనా?"

"వస్తుందమ్మా. దాదాపు గెలిచినట్టే. చిగురు పూర్తిగా నా అదుపులో ఉంది."

మళ్లీ ఎక్స్‌రే తీయించి దీపానికెదురుగా పట్టుకుని చూశాడు. పంటి వేరు చివర గాలంలా వంగి, నరం పక్కన కొక్కెం వేసుకుని కూర్చుంది. డాక్టరు నిట్టూర్చాడు. పట్టకారు ట్రేలో పెట్టాడు. గ్లవ్స్ తీశాడు. గొంతు సవరించుకున్నాడు.

"మాస్టారూ, ఈ పన్ను ఇవాళ వద్దండి. వాపు తగ్గడానికి మందులు రాస్తాను. తర్వాత పెద్ద సర్జన్ దగ్గరికి వెళ్దురుగాని. అంటే ఇది... మనం ఓడిపోయినట్టు కాదండి. మనంతట మనమే ఆపి..."

అక్కడ ఆగిపోయాడు.

నర్సు పెదవి కొరుక్కుంది. సగం తలుపు మీద వాచిన బుగ్గ ప్రత్యక్షమై, చాలా మర్యాదగా డాక్టరుకేసి చూసింది.

"మనంతట మనమే వచ్చేస్తున్నామంటావు, అంతేనా నాయనా?" అంది మాస్టారి భార్య.

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

ఆ క్షణాన, సింహాసనం మెల్లగా లేచింది. దూదినీ గొట్టాన్నీ తానే తీసి పళ్లెంలో పారేసి, కాళ్ల తువ్వాలును విదిలించుకుని, మన వీరుడు నిటారుగా కూర్చున్నాడు. ఎడమచెయ్యి ఎత్తాడు.

డాక్టరు చెయ్యి అలవాటుగా సిరంజి వైపు వెళ్లబోయి మధ్యలో ఆగింది.

"నొప్పి కాదు కదండీ మాస్టారూ?"

కాదని తల ఊపాడు.

"ఏదో చెప్పాలనుకుంటున్నారా?"

ఔనని ఊపాడు.

"అంటే... ఇందాకట్నించీ?"

ఔను, ఔను, ఔనని, మెడ నొప్పెట్టేలా ఊపాడు.

"అయ్యయ్యో! చెప్పండి మాస్టారూ, చెప్పండి!" అని డాక్టరు స్టూలు లాక్కుని, పాతరోజుల్లోలాగే చేతులు కట్టుకుని ఎదుట కూర్చున్నాడు.

నాలుక ఒక పక్క తడిసిన బొంత, ఒక పక్క బతికిన చేప. కింది పెదవి తనదో పక్కింటివాళ్లదో తెలియడం లేదు. అయినా ఆ శిథిల సైన్యాన్నే కూడగట్టుకుని, కళ్లు మూసుకుని, ఇన్నేళ్ల కిందటి కామా దగ్గర నిలబడి, చరిత్ర మాస్టారు ఒక్కొక్క మాటనూ యుద్ధరంగంలోకి నడిపించాడు.

"అయినా."

గడ్డం మీద ఒక చుక్క జారింది. భార్య తుడవబోతే చేత్తో ఆపాడు.

"యుద్ధం."

రెండో చుక్క.

"ఓ... ఓ..." పెదవి లొంగలేదు. రెండు వేళ్లతో పట్టుకుని దాన్ని సున్నాలా చుట్టి, "ఓడింది!" అని గర్జించాడు. ఆ గర్జన ధాటికి మూడో చుక్క, దానితోపాటు చిన్న దూదిపింజ ఎగిరి శిష్యుని తెల్లకోటు మీద పతకంలా అతుక్కున్నాయి.

డాక్టరు పళ్లెంలోని పట్టకారును చూశాడు, మాస్టారి బుగ్గను చూశాడు.

"ఆ రోజు బెల్లు కొట్టేశారు కదండీ," అన్నాడు చివరికి, నెమ్మదిగా. "నేనే ముందు పరిగెత్తుంటాను. మొదటి బెంచీ గుమ్మం పక్కనే." తర్వాత నర్సు వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇందాక నేను చెప్పింది సగమే. పోరాటాలన్నీ గెలిచి కూడా యుద్ధం ఓడిపోవచ్చు. మాస్టారు చెప్పింది అదీ."

"మీరు పోరాటం కూడా గెలవలేదు కద సార్."

"నువ్వు మందులచీటీ రాయి ముందు."

"మరి కొరియా?" అన్నాడు లారీ డ్రైవరు ఆశగా.

మాస్టారు ఉత్సాహంగా మళ్లీ చెయ్యి ఎత్తాడు గాని, ఆయన భార్య ఆ చేతిని పట్టుకుని కుర్చీ దింపింది. "చాల్లెండి. ఆయన్ని కూడా పన్ను పీకించుకోనివ్వండి."

జయము, జయము! సూదులు మూడు గుచ్చినా, పట్టకార్లు రెండు విరుచుకుపడినా, కాళ్లూ చేతులూ బంధించినా తలవంచక, మహాసామ్రాజ్యాలు సైతం ఒప్పుకోవడానికి తటపటాయించే ఒక్క ముక్కను ఒక దంతవైద్యునిచేత ఒప్పించి, వాచిన బుగ్గకు చల్లటి నీళ్లసీసా ఆనించుకుని, ఇరుకు మెట్ల మీద ఎదురొచ్చిన వాళ్లనందరినీ వెనక్కి దింపుతూ విజయయాత్రగా దిగిపోయాడు చరిత్ర మాస్టారు. మందు దిగాక రాత్రంతా పన్ను సలుపుతుందని ఆయనకు తెలుసు. సలపనీ! ఇంతకాలం సగంలో వేలాడిన ఒక వాక్యానికి ఆ మధ్యాహ్నం ఫుల్‌స్టాప్ పడింది. అది పెట్టినవాడు ఆయనే.