మాటల్లేని సీను

సాయంత్రంలోగా కథ ఇచ్చి తీరాలని రచయిత ఆ రోజు పొద్దున్నే కంకణం కట్టుకున్నాడు. "మీ హీరో గుమ్మం దాటేలోపు మూడు పేజీలు ఆలోచిస్తాడండీ. ఈలోపు పాఠకుడు ఓ కునుకు తీసి లేస్తున్నాడు. సినిమాలు చూసి నేర్చుకోండి. చెప్పకండి, చూపించండి. ఇదీ బాగోకపోతే ఇక పంపకండి" అని వారం కిందటే సంపాదకుడు మొహం మీదే చెప్పేశాడు. రచయితకు ఆ పత్రిక తప్ప వేరే దిక్కు లేదు.

వారమంతా, భార్య ఆఫీసుకు వెళ్ళగానే తలుపులేసుకుని సినిమాలు చూశాడు. వాటిలో ఇల్లు వదిలి వెళ్ళే భర్త ఒక్క మాటా మాట్లాడడు. పెట్టె సర్దుతాడు, గోడ మీది ఫొటో వంక చూస్తాడు, అంతే, చూసేవాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటారు. మరి పెట్టె సర్దేటప్పుడు చేతులు ఏం చేస్తాయో రాయాలంటే ముందు చేసి చూడాలి కదా! మంచం కింది పెట్టె లాగి, చేతికందినవన్నీ కుక్కడం మొదలుపెట్టాడు.

ఆ రోజు సెలవై ఇంట్లోనే ఉన్న భార్య, కాఫీ కప్పుతో గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది.

"ఏవండీ, ఎక్కడికి?"

సీనులో మాటల్లేవు కాబట్టి రచయిత పలకలేదు. పెళ్ళి ఫొటో వంక చూసి భారంగా నిట్టూర్చాడు. అది కుదరలేదనిపించి, పెట్టె ఖాళీ చేసి, మళ్ళీ సర్ది, మళ్ళీ నిట్టూర్చాడు. ఈసారి ఎంత బాగా వచ్చిందంటే, ఆవిడ వంటింట్లోకి పరుగెత్తి తమ్ముడికి ఫోన్ చేసింది.

సీను పూర్తి చేద్దామని అతను పెట్టెతో మెట్లు దిగేసరికి కింది వాటా ఆవిడ చీపురుతో అడ్డం నిలబడింది. "నాకు ముందే అనుమానం! వారం నుంచి నువ్వు లేనప్పుడు మీ ఇంట్లో ఎవరో ఆడమనిషి ఏడుస్తోందమ్మాయ్!" అంది, వెనకే దిగి వచ్చిన భార్యతో.

అది సినిమా అని చెప్పేలోపే బావమరిది ఊడిపడ్డాడు.

"మా అక్కకి అన్యాయం చేస్తావా బావా?"

"కథ కోసంరా!"

నోరు తెరిచాక రచయిత ఇక ఆగలేదు. సంపాదకుడి దగ్గర మొదలుపెట్టి సుదీర్ఘంగా సంజాయిషీ ఇచ్చుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. బావమరిది మధ్యలో ఆవులించాడు కూడా. భార్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు వేసింది రచయితకు అసలైన భయం. కథ సంగతి దేవుడెరుగు, ఈవిడ నమ్మకపోతే తన గతేమిటి?

చెప్పడానికి ఇంకేమీ మిగలక పెట్టె మూత తీశాడు. లోపల భార్య స్వెట్టరు, రెండు దిండు గలీబులు, ఒక కిటికీ తెర ఉన్నాయి. అతనిది ఒక్క చొక్కా కూడా లేదు.

ఆవిడ కాసేపు చూసి ఫక్కున నవ్వింది. "ఇల్లొదిలి పోయేవాడు కిటికీ తెర పట్టుకుపోతాడా పిన్నిగారూ?"

రచయిత వెంటనే కూర్చుని జరిగింది జరిగినట్టు రాసి, చీకటి పడేలోపు పంపేశాడు. మర్నాడు సంపాదకుడు ఫోన్ చేస్తే భార్య ఎత్తింది.

"కథ వేసుకుంటున్నామని చెప్పండమ్మా. ఆ భార్య పాత్ర ఎంత సహజంగా ఉందో! ఆ భర్తే నమ్మేలా లేడు. అంత అమాయకుడు ఎక్కడైనా ఉంటాడా?"

"ఉన్నారండీ," అందావిడ, "స్నానానికి వెళ్ళారు."