తలుపు వెనక బోర్డు

ఆ బుధవారం పొద్దున బ్రహ్మచారి మూడు పనులు పెట్టుకున్నాడు. దుకాణం ముందు రంపపు పొట్టు ఊడ్పించడం, ఉతికిన చొక్కా వేసుకోవడం, పదకొండు గంటలకు యాప్రాల్ మేడమ్ వచ్చేసరికి పెద్ద వ్యాపారస్తుడిలా కుర్చీలో కూర్చుని ఉండడం. మొదటి రెండూ ఎనిమిదింటికే అయిపోయాయి. మూడోదే కుదరలేదు. ముప్పై ఏళ్లుగా నిలబడి చిత్రిక పట్టిన మనిషికి కుర్చీలో కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నేరేడ్‌మెట్‌లో బ్రహ్మచారి చేసిన తలుపంటే వానాకాలంలో కూడా బిగుసుకోదని పేరు. కానీ పేరు వేరు, గిరాకీ వేరు. ఎదురుగా రెడీమేడ్ తలుపుల షోరూమ్ తెరిచిన దగ్గర్నుంచి నాలుగు నెలలుగా చెప్పుకోదగ్గ ఆర్డర్ ఒక్కటీ లేదు. పోయిన వారం ఆ షోరూమ్ యజమాని స్వయంగా రోడ్డు దాటి వచ్చి, "మా తలుపులు బిగించే పని చూసుకో, నెల జీతం ఇస్తా" అన్నాడు. ఆ రాత్రి బ్రహ్మచారికి అన్నం సయించలేదు. యాప్రాల్ మేడమ్ కడుతున్న ఇంటికి పద్నాలుగు టేకు తలుపులు కావాలట. ఆ ఆర్డర్ వస్తే దుకాణం నిలుస్తుంది. రాకపోతే ఎదుటివాడి తలుపులకు బందులు బిగించుకుంటూ బతకాలి.

ఎనిమిదిన్నరకు పెయింటర్ సదాశివ ఒక బోర్డు తెచ్చి గోడకు ఆనించి వెళ్లాడు. పైన ఎర్ర అక్షరాలతో 'బ్రహ్మచారి ఉడ్ వర్క్స్', దాని కింద 'కాంపోజిషన్ పన్ను చెల్లింపుదారు', ఇంకా కింద, అన్నిటికంటే లావుగా, 'పన్ను వసూలు చేయుటకు అర్హత లేదు'. బ్రహ్మచారి రెండుసార్లు చదివాడు. మూడోసారి వేలు పెట్టి చదివాడు.

"ఏందీ గిది? నా పేరు కింద అర్హత లేదని రాస్తడా? ముప్పై ఏండ్ల సంది లేని ముచ్చట గీనికెట్ల తెలిసింది?"

కూతురు రజిత టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ నవ్వింది. ఆ అమ్మాయి సికింద్రాబాద్‌లో ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తుంది. తండ్రి జీఎస్టీ వ్యవహారమంతా తనే చూస్తుంది.

"పని చేసేటందుకు కాదు నాయ్నా, పన్ను వసూలు చేసేటందుకు. మనది చిన్న దుకాణం, కాంపోజిషన్ల ఉన్నం. నూరు రూపాయలు అమ్మితే ఒక రూపాయి మన జేబుల నుంచే కడ్తం. గిరాకీని పన్ను పేరు మీద పైసా అడగొద్దు. బిల్లు మీద సుత గదే రాసుంటది. పెయింటర్‌కు నమూనాకని బిల్లు ఇచ్చిన, ఆయన ఉన్నదున్నట్టు దించిండు."

"మరి ఎదురుంగ షోరూమోడు పద్దెనిమిది పర్సెంట్ ఏస్తుండు కదా."

"ఆయన ఏసి సర్కారుకు కడ్తడు. సామాన్ కొన్నప్పుడు తాను కట్టిన పన్ను అందులకెల్లి తీసేసుకుంటడు. మనకు గట్ల తీసుకునేది లేదు, ఏసేది లేదు."

ఇంత వివరంగా చెబితే బ్రహ్మచారి బుర్రకు ఎక్కింది ఒక్కటే. పన్ను వేసేవాడు పెద్ద సేఠ్, వేయలేనివాడు చిల్లర మనిషి. కూతురు గుమ్మం దాటబోతూ ఇంకో మాట కూడా చెప్పింది.

"బోర్డు ఇయ్యాలనే పెట్టు నాయ్నా. మన దిక్కు దుకాణాలల్ల ఆఫీసర్లు తిరుగుతున్నరట. బోర్డు కనపడకుంటే ఫైన్ ఏస్తరు."

అసలు చిక్కు అక్కడ మొదలైంది. యాప్రాల్ మేడమ్ ఫోన్‌లో గట్టిగా చెప్పింది: "బిల్లు మాత్రం పక్కాగా ఉండాలండీ. పన్ను విషయంలో నాకు తేడా రాకూడదు." అంత పెద్దింటావిడ ఈ బోర్డు చూస్తే అటునుంచి అటే షోరూమ్‌లోకి పోతుందని బ్రహ్మచారి లెక్క వేసుకున్నాడు. బోర్డు ఆఫీసరుకు కనపడాలి, మేడమ్‌కు కనపడకూడదు. ఇంకొకడైతే తల పట్టుకునేవాడు. ఇతను వడ్రంగి గనక స్క్రూలు పట్టుకున్నాడు.

దుకాణంలో పక్క గోడకు ఒక దర్వాజ, దానికి నమూనా టేకు తలుపు బిగించి ఉన్నాయి. బయటివైపు లతలు చెక్కి ఉంటుంది. తెరిస్తే వెనక గోడ తప్ప ఏమీ లేదు. బోర్డును ఆ తలుపు లోపలివైపు బిగించాడు. మూస్తే లతలు, తెరిస్తే బోర్డు. భార్య పుష్పమ్మను తలుపు పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టాడు.

"నేను దగ్గితే తెరువు. మళ్ల దగ్గితే మూయి."

"నీకు పొట్టుకు ఊకె దగ్గొస్తది కదనయ్యా."

"ఇయ్యాల రాదు" అన్నాడు బ్రహ్మచారి, దగ్గు తన చేతి కింద పనివాడన్నంత ధీమాగా.

పదిన్నరకు ఒక పెద్దమనిషి వచ్చాడు. తెల్ల చొక్కా, కళ్లద్దాలు, చంకలో ఫైలు. లోపలికి వచ్చి ఏమీ అడగకుండా అన్నీ చూడడం మొదలుపెట్టాడు. ఆఫీసరే వచ్చాడనుకున్నాడు బ్రహ్మచారి. వెంటనే దగ్గాడు. పుష్పమ్మ తలుపు తెరిచింది. పెద్దమనిషి బోర్డు చదివి, తల ఊపి, ఫైలు విప్పి ఏదో రాసుకున్నాడు.

"ఎన్నాళ్లయిందండీ ఈ షాపు పెట్టి?"

"ఎన్నడో పెట్టిన సార్. ఉందంటే ఉంది, లేదంటే లేదు."

"నెలకి ఎన్ని తలుపులు చేస్తారు?"

పన్నులవాళ్ల ముందు ఎంత చిన్నగా కనిపిస్తే అంత క్షేమమని బ్రహ్మచారి నమ్మకం. "రెండు సార్. ఒక్కో నెల ఒకటే. గది సుత సక్కగ రాదు."

పెద్దమనిషి కళ్లద్దాలు సవరించుకున్నాడు. "ఈ టేకు ఎక్కడ కొన్నారు? దీనికి బిల్లుందా?"

ఇక అనుమానం ఏమీ మిగల్లేదు. బ్రహ్మచారి కట్టె కొన్న బిల్లులన్నీ తెచ్చి చూపించాడు. ఆయన పాపం మర్యాద కోసం నాలుగు చదివి, మూలనున్న చిన్న పీట చూపించి అది నాలుగు వందలకు కొన్నాడు. కొని, "బిల్లు ఇవ్వండి. బిల్లు లేకుండా ఏం తెచ్చినా మా పై వాళ్లు ఊరుకోరు" అన్నాడు. పీటకు బిల్లు అడిగే మనిషిని బ్రహ్మచారి జన్మలో చూడలేదు. కూతురు నేర్పినట్టే పన్ను వేయకుండా నాలుగు వందలకే రాసి రెండు చేతులతో ఇచ్చాడు. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, వెళ్లకుండా అదే పీట మీద కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడు బయట ఆటో ఆగింది. అంచు చీర, చేతిలో గొడుగు, నడకలో అధికారం. యాప్రాల్ మేడమ్, పేరు వీరరాఘవమ్మ. బ్రహ్మచారి దగ్గాడు. తలుపు మూసుకుంది.

"మీరేనా బ్రహ్మచారి గారు? ఆయన్ని చూసుకోండి ముందు, నేను ఆగుతాను."

"మీరు కానియ్యండి, నాకేం తొందర లేదు" అన్నాడు పీట మీది పెద్దమనిషి, ఆవిడను ఎన్నడూ చూడనట్టు.

ఇక తప్పదు. బ్రహ్మచారి ఆవిడను దుకాణం అవతలి కొసకు తీసుకెళ్లి గొంతు తగ్గించాడు. "నెలకు నలభై తలుపులు పోతయి మేడమ్. యాప్రాల్ల సగం ఇండ్లు నావే. కాప్రా దాంక నాదే హవా." గొంతైతే తగ్గించాడు గానీ దుకాణం పొడవు ఇరవై అడుగులే. పీట మీద కలం ఆగింది.

వీరరాఘవమ్మ టేకు పలకను వేలితో కొట్టి చూసింది. వాసన చూసింది. ధర అడిగింది. బ్రహ్మచారి నిజాయితీగానే చెప్పాడు. అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ రోడ్డవతల షోరూమ్ అద్దాలు మెరుస్తూ కనపడ్డాయి.

"దాని మీద జీఎస్టీ పద్దెనిమిది పర్సెంట్ అలగ్" అన్నాడు, కుర్చీ లాక్కుని కాలు మీద కాలు వేసుకుని.

పీట మీది పెద్దమనిషి తలెత్తాడు. "నా పీట మీద పన్ను వేయలేదే?"

బ్రహ్మచారి గతుక్కుమని లేచి గట్టిగా గాలి పీల్చాడు. గాలితో పాటు గుప్పెడు పొట్టు లోపలికి పోయింది. ఇక వచ్చింది దగ్గు. ఒకటి కాదు, రెండు కాదు. పుష్పమ్మ మాట మీద నిలబడే మనిషి. దగ్గితే తెరిచింది, దగ్గితే మూసింది. బోర్డు, లతలు, బోర్డు, లతలు. బ్రహ్మచారి మాట రాక చేతులు ఊపాడు. ఇంకా జోరుగా ఊపమంటున్నాడనుకుని ఆవిడ ముక్కాలిపీట మీంచి లేచి రెండు చేతులతో అందుకుంది.

"ఆ తలుపేంటండీ అలా కొట్టుకుంటోంది?" అంది వీరరాఘవమ్మ.

"గాలి మేడమ్" అన్నాడు బ్రహ్మచారి, ప్రాణం కూడదీసుకుని.

"గాలికి చీర కట్టారేంటి?" అంటూ ఆవిడ నేరుగా వెళ్లి తలుపు రెక్క పట్టుకుని ఆపింది. తెరిచింది. పైనుంచి కింద దాకా తాపీగా చదివింది. తర్వాత వెనక్కి తిరిగి, "ఏమండీ, మీకేం చెప్పాడు?" అంది.

"నెలకి రెండే చేస్తానన్నాడు" అన్నాడు పీట మీది పెద్దమనిషి. "అవి కూడా సరిగ్గా రావన్నాడు. పీటకి బిల్లు మాత్రం పద్ధతిగా ఇచ్చాడు వీరా."

ఆఫీసరనుకున్నవాడు ఆవిడ భర్త పద్మనాభం. బ్యాంకులో క్యాషియర్‌గా రిటైరయ్యాడు. చంకలోని ఫైలు ఇంటి ప్లాను. మామూలు గిరాకీని ఎలా చూస్తారో కనిపెట్టమని భార్యే అరగంట ముందు పంపింది. బ్రహ్మచారి ఈ ముక్కలు ఒకదానికొకటి అతికించుకునేలోపే వీరరాఘవమ్మ మిగతాది చెప్పింది.

"నేను ముప్పై ఒక్క సంవత్సరాలు పన్నుల శాఖలో చేశాను. పోయిన ఏడాదే దిగిపోయాను."

బ్రహ్మచారి తాను బిగించిన గొళ్లెం ఊడిపోయినట్టు కూలబడ్డాడు. పుష్పమ్మ తలుపు వదిలేసి వచ్చి మొగుడి పక్కన నిలబడింది. అబద్ధాలు ఆడే ఓపిక కూడా ఇక అతనికి లేదు.

"తప్పయింది మేడమ్. నా పేరు కింద అర్హత లేదని ఉంటే మీరు వాపస్ పోతరని భయమైంది. గీ ఆర్డర్ పోతే నేను గా ఎదురోని తలుపులకు నౌకరి చెయ్యాలె. నాకు సిగ్గయితది."

వీరరాఘవమ్మ తలుపు మూసింది. లతల మీద చెయ్యి వేసి ఒక ఆకు అంచు వెంబడి వేలు పోనిచ్చింది.

"పిచ్చి మనిషి" అంది చివరికి. "పన్ను నోటి మాటగానే వేశారు, ఇంకా వసూలు చేయలేదు. చేసుంటే పెనాల్టీ పడేది. మాది సొంతిల్లు. షోరూమ్‌వాడి పద్దెనిమిది శాతం కడితే మాకేం తిరిగొస్తుంది? కంపెనీవాళ్లయితే తీసేసుకుంటారు, మాకా వీల్లేదు. మా చుట్టాలింట్లో మీరు చేసిన తలుపు చూశాను, దాని బిల్లూ చూశాను. పన్ను వసూలు చేయుటకు అర్హత లేదు అని ఉంది. అది చదివే మీకు ఫోన్ చేశాను."

బ్రహ్మచారి నోరు తెరుచుకుంది. ఈసారి దగ్గు రాలేదు.

"ఇంకో సంగతి. ఆ వాక్యం బిల్లు మీద ఉండాలి. బోర్డు మీద అక్కర్లేదు, 'కాంపోజిషన్ పన్ను చెల్లింపుదారు' వరకూ ఉంటే చాలు. దాచుకోవడానికి ఇంత తిప్పలు పడ్డ ముక్క అసలు అవసరమే లేదు."

"మరి ఆర్డర్ మేడమ్?" పుష్పమ్మ అడిగింది, మొగుడికి ధైర్యం చాలదని తెలిసి.

"మొదట చెప్పిన ధరకే, పైన పైసా లేకుండా. మీ ఒక్క శాతం మీరే కట్టుకోండి. పదమూడు చేస్తే చాలు, పద్నాలుగోది ఇదే. నిమిషంలో అన్నిసార్లు కొట్టుకున్నా ఒక్క బందు కూడా కిర్రుమనలేదు."

బ్రహ్మచారి కళ్లు తుడుచుకుని, పొట్టు పడిందన్నాడు. తర్వాత బోర్డు విప్పి రంపంతో రెండో వరుస కింద తిన్నగా కోశాడు. పైముక్క ఆ సాయంత్రమే దుకాణం నుదుట ఎక్కింది. కోయగానే కిందిముక్కను పొయ్యిలో వేద్దామనుకుంటుండగా, వీరరాఘవమ్మ బయట ఆటో మాట్లాడుతున్న సమయం చూసి పద్మనాభం దగ్గరికి వచ్చాడు.

"అది నాకిస్తారా? ఇంట్లో ఆవిడ ఇప్పటికీ పన్నుల శాఖే, కొత్తిమీర కట్టకి కూడా నన్ను బిల్లు అడుగుతోందండీ."

పద్నాలుగో తలుపు యాప్రాల్ ఇంట్లో వీరరాఘవమ్మ గదికి అమరింది. గృహప్రవేశానికి ముందు రోజు ఆవిడ లేని వేళ చూసి బ్రహ్మచారే నాలుగు స్క్రూలతో ఆ ముక్కను లోపలివైపు, పాత చోటే బిగించి వచ్చాడు: 'పన్ను వసూలు చేయుటకు అర్హత లేదు'. ఆవిడ దాన్ని పీకించలేదు, రోజూ చదువుతోంది కూడా. పాటిస్తున్న దాఖలాలు మాత్రం ఇంకా కనపడలేదని పద్మనాభం చెబుతున్నాడు.