తోడు పోయిన సైంటిస్టు

ఆ ఉదయం సైంటిస్టు అనుకున్న పని చాలా చిన్నది. ఫ్రిజ్‌లోంచి సీసా తీసుకోవాలి, పదకొండింటికల్లా ప్రయోగశాలకు చేరాలి, తనిఖీకి వస్తున్న ఇద్దరు అధికారులకు అందులోని బాక్టీరియా ప్రతాపం చూపించాలి. గడ్డీ గాదం తిని మండే గ్యాసు వదలడం ఆ బాక్టీరియాకు మూడేళ్ళు కష్టపడి అలవాటు చేసిన విద్య. అధికారులు మెచ్చితే ప్రాజెక్టు నిలుస్తుంది, లేదంటే అతని ఉద్యోగం ఊడుతుంది.

ప్రయోగశాలలో ఫ్రిజ్ పాడైందని రెండ్రోజుల క్రితమే సీసాను ఇంటికి తెచ్చాడు. పాలకు తోడెలాగో గడ్డికి ఇదలాగ కనక అక్కడ అందరూ దాన్ని తోడు అనే పిలుస్తారు. సీసా మీద కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో అదే రాశాడు.

ఫ్రిజ్‌లో సీసా లేదు.

"అత్తయ్యా, ఇక్కడ తోడు సీసా ఉండాలి."

"ఉండేది బాబూ. నిన్న సాయంత్రం కాస్త పాల్లో వేశాను. అదేం తోడో, ఇల్లంతా కంపు. పాలూ, సీసాలో మిగిలిందీ కూరగాయల తొక్కల బకెట్లో పోసి మూత బిగించేశాను," అంది అత్తగారు. సీసాను మరిగే నీళ్ళతో శుభ్రంగా కడిగానని కూడా చెప్పింది.

పాల్లో, తొక్కల్లో కలిశాక అది ఇక బతకదనుకుని సైంటిస్టు డైరెక్టరుకు ఫోన్ చేశాడు. ఆయన కిందటి వారమే బదిలీ మీద వచ్చాడు, ప్రయోగశాల భాష ఇంకా ఒంటబట్టలేదు.

"సార్, నా తోడు పోయింది."

అవతల డైరెక్టరు గొంతు తగ్గించాడు. "ఎప్పుడయ్యా?"

"నిన్న సాయంత్రం. మా అత్తయ్య చేతుల్లోనే పోయింది. మూడేళ్ళు కంటికి రెప్పలా చూసుకున్నాను సార్. ఇంకోటి తెచ్చుకుందామన్నా దొరకదు."

"ఇప్పుడే ఇంకోటి అనకు, బాగుండదు. నువ్వక్కడే ఉండు. అధికారుల్ని తీసుకుని అందరం వస్తున్నాం."

ఇంటికొచ్చి మరీ ఉద్యోగం పీకేస్తారన్నమాట అనుకుని సైంటిస్టు మంచి చొక్కా వేసుకున్నాడు.

గంటలో నలుగురు కారు దిగారు. వెంట వచ్చిన ప్రయోగశాల వాచ్‌మన్ చేతిలో పెద్ద పూలదండ. తలుపు తీసినామెను డైరెక్టరు మెల్లగా అడిగాడు.

"మీరు చెల్లెలా అమ్మా?"

"ఎవరికండీ?"

"పోయినావిడకి. అదే, ఈయన భార్యకి."

"ఆయన భార్యని నేనేనండీ," అని ఆమె దండకేసి చూసింది. వాచ్‌మన్ దాన్ని వీపు వెనక దాచాడు. దండ పెద్దది కావడంతో రెండు పక్కలా కనిపిస్తూనే ఉంది.

డైరెక్టరు మొహం జేవురించింది. ఆయన నోరు తెరిచేలోగా వంటింట్లో ఢామ్మని చప్పుడైంది. అందరూ పరిగెత్తారు. బకెట్ మూత ఎగిరి కప్పుకు తగిలి కింద పడి దొర్లుతోంది. తొక్కల మీద బుడబుడమని నురగ. అత్తగారు అగ్గిపెట్టె పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడిపోయింది.

"పుల్ల గియ్యకండి అత్తయ్యా," అంటూ సైంటిస్టు బకెట్‌ను కావిలించుకున్నాడు. "బతికే ఉంది సార్."

"ఎవరు?" అన్నాడు డైరెక్టరు, ఈసారి జాగ్రత్తగా.

"తోడు సార్. మన బాక్టీరియా."

బకెట్‌ను పెరట్లోకి మోశారు. మూతకు గొట్టం బిగించి, గ్యాసు మళ్ళీ నిండేదాకా ఓపిక పట్టి, దూరం నుంచి నిప్పు చూపిస్తే నీలిమంట నిలకడగా వెలిగింది. అధికారులు అత్తగారినే నాలుగు ప్రశ్నలడిగి, ఏయే తొక్కలు వేసిందో రాసుకున్నారు. సైంటిస్టు అరుగు మీద కూలబడ్డాడు. వాచ్‌మన్ దండను బకెట్‌కు వేశాడు.

ప్రాజెక్టు ఇంకో రెండేళ్ళు పొడిగించారు. ఆ పూట ఆ ఇంట్లో పెరుగు మాత్రం లేదు.