నీరుగట్టువారిపల్లె లవణ సంగ్రామం

సముద్రమన్నది ఏ దిక్కున వెదికినా అరవై క్రోసులకు ఇవతల కానరాని దేశంలో, వేరుశనగను వాన మీదా టమోటాను మండీ ధర మీదా వదిలేసి ధైర్యంగా నిద్రపోయే ప్రజలకు పట్టుగొమ్మయై వెలుగు మదనపల్లె పట్టణమందు, పట్టుమగ్గాల టకటకారావ ముఖరితమైన నీరుగట్టువారిపల్లె వీధిలో, బాడుగ ఇంటి మొదటి అంతస్తున, టీవీకి కుడిపక్కన, నాలుగడుగుల గాజుతొట్టిలో ఒక మహాసముద్రం ఉండేది. దాని ఏలిక మునికుమారుడు. దస్త్రారణ్య పంచాననుడు, టపా భార వహన ధురంధరుడు, ఒకానొక సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. నవ్వదలచినవారు ఇప్పుడే నవ్వేయండి, ముందు యుద్ధం ఉంది.

ఆ సాగరంలో మొదట రెండు క్లౌన్ చేపలుండేవి. నారింజ ఒంటి మీద మూడేసి తెల్లపట్టీలు, బొటనవేలంత నిడివి. మునికుమార్ తల్లి పూలమ్మ పెద్దమండ్యం చేలల్లో నలభై ఏళ్లు కూలికి పోయి, మోకాళ్లు అరిగాక కొడుకు దగ్గరికి వచ్చిన మనిషి. వాటిలో పెద్దదానికి ఎర్రమ్మ అని పేరు పెట్టింది ఆమే. కొడుకు ఆఫీసుకూ కోడలు పల్లవి పాఠాలు చెప్పడానికి బడికీ పోయాక, పగలంతా ఆ ఇంట్లో ఆమెకు ఎర్రమ్మే తోడు. ఆమె కుర్చీ లాక్కుని, వక్కాకు నములుతూ ఊరి సంగతులు చెబుతుంటే ఎర్రమ్మ గాజు దగ్గరికి వచ్చి, నోరు తెరుస్తూ మూస్తూ ఆసాంతం వినేది. మనుషులు ఎవరూ అంత ఓపికగా వినరు.

అట్టి నిష్కంటక సామ్రాజ్యానికి చేటు తెచ్చింది శత్రువు కాదు, ఏలిక తొందరపాటే. కుప్పంలో సముద్రపు చేపలు అమ్మే ఆమిర్ దగ్గర అతడొక నీలిచేపను కొన్నాడు. "అన్నా, రెండు వారాలు వేరే తొట్లో పెట్టి సూడు, రోగం గీగం ఉంటే బయటపడతాది" అని ఆమిర్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "అట్లే లేప్పా" అన్న మన వీరుడు ఆ సాయంత్రమే నీలిచేపను పెద్ద తొట్టిలో జారవిడిచాడు. ఎనిమిదో రోజుకు నీలిచేప పోయింది. పదో రోజుకు ఎర్రమ్మ జంటచేప పోయింది. పదకొండో రోజు ఉదయం ఎర్రమ్మ రెక్కల మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపించాయి.

ఆ చుక్కలను సామాన్యమైనవిగా తలచరాదు. అవి మీనచర్మభేదన విశారదాలు, సికతా గర్భ నిగూఢ దుర్గ నివాసులు, నేత్రాగోచర కోటి సైన్య సమేతులు. కడుపునిండా తిన్నాక చేప ఒంటి మీది నుంచి రాలి, ఇసుకలో బుడిపెలు కట్టుకుని పడుకుని, ఒక్కొక్క బుడిపె నుంచి వందలకొద్దీ పుట్టుకొచ్చి మళ్లీ అదే చేప మీద పడే పరాన్నజీవులవి. రాలినప్పుడల్లా ఇంటివాడు రోగం తగ్గిందని సంబరపడతాడు. నీలిచేప చుక్కలు రాలినప్పుడు మునికుమార్ కూడా ఒకసారి సంబరపడి ఉన్నాడు.

అంతట ఆ వీరుడు పుంగనూరులో రంగుచేపల అంగడి నడిపే బాబు సాహెబ్‌కు ఫోను చేశాడు. ముప్పై ఏళ్లుగా మంచినీళ్ల గోల్డ్ ఫిష్‌లనూ గప్పీలనూ సాకిన ఆ వృద్ధ మత్స్యవైద్య శిఖామణి ఒక్క గడియ కూడా ఆలోచించక ఇట్లనియె:

"అరె మునికుమార్ భాయ్, తెల్ల చుక్కలే కదా? ఇత్తా పరేషాన్ యాలప్పా? రెండు గుప్పిళ్లు ఉప్పు ఎయ్యి. సాఫ్ అయిపోతాది."

"సాబ్, అది ఉప్పునీళ్ల చేప. ఉండేదే ఉప్పులో."

పిదప బాబు సాహెబ్, "అట్లైతే నాలుగు గుప్పిళ్లు" అనియె.

ఫోను పెట్టేసి వెనుదిరిగేసరికి పూలమ్మ తొట్టి ముందు నిలబడి చేతులు జోడించి ఉంది. గుమ్మానికి అప్పుడే వేపమండలు వేలాడుతున్నాయి.

"రేయ్ మునీ, దీనికి అమ్మోరు పోసుండాదిరా. నీ కండ్లకు అగపడలా? ఒళ్లంతా పొక్కులు సూడు. ఈ పొద్దుకాన్నించి ఇంట్లో తిరగబాత ఎయ్యకూడదు. కోడి తేకూడదు. బయటోళ్లను రానియ్యకూడదు."

"మా, చేపకు అమ్మోరు యాడన్నా పోస్తాదా?"

"పోసింది కదరా! దానికి సప్పిడి పథ్యమే మందు. ఆ ఉప్పునీళ్లలో ఎట్లా సల్లబడతాది? ఉప్పు తగ్గించు."

మునికుమార్ నుదురు కొట్టుకున్నాడు. ఉప్పు తగ్గిస్తే సముద్రపు చేప బతుకుతుందా అని కేకలు వేశాడు. డిగ్రీ చదివినవాణ్ని అన్నాడు. ఆ పైన డాబా మీదికి పోయి, కుప్పం ఆమిర్‌కు ఫోను కలిపి, తన తప్పును సిగ్గు విడిచి ఒప్పుకుని, దీనవదనుడై ఉపాయం అడిగాడు.

"ఉప్పు తగ్గించన్నా" అన్నాడు ఆమిర్. "చేపను వేరే టబ్బులో పెట్టి, రెండు రోజుల్లో మెల్లమెల్లంగా మూడో వంతుకు దించు. చేప తట్టుకుంటాది, పురుగు తట్టుకోలేదు. పెద్ద తొట్లో మాత్రం పదకొండు వారాలు చేపనేది ఉండకూడదు. తినేదానికి ఏమీ దొరక్క పురుగులు అవే సచ్చిపోతాయి."

వీరుడు మెట్లు దిగి వచ్చి, తలవంచుకుని, పింక్ రంగు ప్లాస్టిక్ టబ్బు ఎక్కడుందని తల్లిని అడిగాడు. ఆమె దెప్పక, తానే టబ్బు కడిగి తెచ్చి ఇచ్చింది. అదే ఎక్కువ నొప్పిగా ఉండింది.

ఇక మీనగ్రహణ ఘట్టం. కుడిచేత వల, ఎడమచేత పల్లవి బియ్యం కడిగే జల్లెడ, నెత్తిన సెల్‌ఫోన్ లైటు ధరించి, లుంగీ ఎగగట్టి, గాజుతొట్టి ముందు నిలిచి, మునికుమారుడు తన మనస్సులో ఇట్లు గర్జించెను: "ఓరీ సికతాశయన దుర్జనులారా! అబలయగు మీనాంగనపై వేనవేలుగా దండెత్తుట ఏటి పౌరుషము? నేటితో మీ అన్నోదకములు చెల్లినవి. ఈ బాహుదండములు మోచేతివరకు తడిసినను వెనుదిరుగువాడను గాను!" భుజాల దాకా తడిశాయి. ఎర్రమ్మ రాళ్ల సందున దూరింది. రాళ్లు ఒక్కొక్కటే బయటికి వచ్చి పాత పేపర్ల మీద చేరాయి. ముక్కాలు గంట గడిచింది, వల చిరిగింది.

"ఏమండీ, అది జల్లెడలోకి తనంతట తానే వచ్చేసింది, చూసుకోండి" అని పల్లవి చెప్పేదాకా అతడు చిరిగిన వలతోనే పోరాడుతూ ఉన్నాడు.

అసలు పోరు ఆ తర్వాతే. రెండో దినం సాయంకాలం అతడు ఆఫీసు నుంచి వచ్చేసరికి తల్లి బిందెడు మంచినీళ్లు నడుముకెత్తుకుని టబ్బు మీదికి వంగుతోంది.

"మా! పూర్తిగా తీసేస్తే సచ్చిపోతాది!"

"సప్పిడంటే సప్పిడేరా. మూడో వంతు సప్పిడి యాడన్నా ఉండాదా?"

"అది సముద్రంలో పుట్టింది. ఉప్పే దానికి తల్లిపాలు."

పూలమ్మ బిందె దించింది. "సరే, మజ్జిగలో ఏసుకునేంత ఉండనీ" అని తీర్పు చెప్పింది. నాటి నుంచి ఉప్పు సాంద్రత కొలిచే గాజుగొట్టం ఏ అంకె చూపినా ఆ ఇంట్లో వాడిన కొలత మాత్రం మజ్జిగే. వేపమండలను టబ్బులో వేయకుండా అంచున కట్టడానికి ఇంకో అరగంట సంధి చర్చలు జరిగాయి.

నీళ్లు పల్చబడ్డాయి. నాలుగో రోజుకు చుక్కలు రాలిపోయాయి, మళ్లీ రాలేదు. కానీ ఎర్రమ్మ మేత ముట్టడం లేదు. టబ్బు మూల ఒరిగి, దవడలు మాత్రం ఆడిస్తూ పడి ఉంది. అయిదు రోజులు అట్లే. పూలమ్మ కూడా రాత్రిపూట ఆకలి లేదంటూ కంచం ముందు నుంచి లేచిపోయేది. ఆ చేప పోతే తల్లి మళ్లీ గోడతో మాట్లాడుకోవాలని, దానికి కారణం రెండు వారాలు ఆగలేని తన తొందరపాటేనని మునికుమార్‌కు తెలుసు. ఆఫీసులో ఫైలు తెరిచినా అదే గుర్తొచ్చేది. దాపరికం లేకుండా చెప్పాలంటే వీరుడు భయపడ్డాడు.

ఆరో నాడు పూలమ్మ కుర్చీని టబ్బు పక్కకు మార్చి, ఎప్పటిలా మాటలు మొదలుపెట్టింది. ఊళ్లో ఎవరి బోరు ఎండింది, ఎవరి కోడలు అలిగింది, అన్నీ. మధ్యాహ్నానికి ఎర్రమ్మ మూల వదిలి ఇవతలికి వచ్చింది. సాయంత్రం ఆవగింజంత మేత ఒకటి నోట కరుచుకుని, ఉమ్మేసి, మళ్లీ కరుచుకుని మింగింది.

ఇట్లు పదకొండు వారాలు తిరగబాత లేని పప్పుతో, కోడి లేని ఆదివారాలతో ఆ కుటుంబం మహాదీక్ష సాగించింది. పల్లవి బక్కచిక్కింది. మునికుమార్ మాత్రం సొసైటీ కాలనీ మలుపులో బండి దగ్గర చికెన్ పకోడీ తిని, మూతి తుడుచుకుని వచ్చేవాడని చెప్పక తప్పదు. పెద్ద తొట్టి చేప లేక, బీడు పెట్టిన చేనులా ఖాళీగా ఉండిపోయింది.

ఆఖరి వారంలో టబ్బులో ఉప్పు రోజుకింత పెంచుకుంటూ వచ్చారు. డెబ్బై ఏడో దినం పూలమ్మ స్నానం చేసి, టబ్బు అంచుకు పసుపు బొట్టు పెట్టి, "ఈ పొద్దు తలకు నీళ్లు పోయాల" అని ప్రకటించింది. అమ్మవారు దిగిన బిడ్డకు తలస్నానం చేయించనిదే ఎట్లా? నీళ్లలో ఉన్నదానికి నీళ్లేమిటని ఎవరూ అడగలేదు. ఎట్లాగూ పెద్ద తొట్టి నీళ్లను టబ్బులో కలిపి అలవాటు చేయాలని ఆమిర్ చెప్పి ఉన్నాడు. మునికుమార్ చెంబుతో ముంచి ఇస్తుంటే, ఆమె ఎర్రమ్మ నెత్తి ఎక్కడుందో చూసుకుని, సన్నధారగా, "సల్లంగా ఉండు తల్లీ" అంటూ పోసింది. ఆ పైన ఎర్రమ్మ జల్లెడలో ఊరేగి స్వరాజ్యం చేరింది.

ఒక్క చుక్క లేదు. పూలమ్మ నమ్మలేక, ఇంకా దగ్గరగా చూద్దామని చూపుడువేలు నీళ్లలో ముంచింది. ఎర్రమ్మ మెరుపులా వచ్చి ఆ వేలిని కరిచింది.

"కొరికిందిరా! రేయ్, కొరికింది!" అని ఆమె కేక పెట్టి, ఏడుస్తూ నవ్వింది.

కావున దశదిశలకూ తెలియజేయడమేమనగా, అదృశ్య కోటి సైన్యాన్ని మజ్జిగ ఉప్పుతో మట్టుపెట్టి, రెండంగుళాల మీనరాజ్ఞి డెబ్బై ఏళ్ల వేలిని ఒకసారి కరిచింది. నెత్తురు రాలేదు, గీత పడలేదు. పూలమ్మ మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగి, వీధిలో మగ్గం మగ్గానికీ పోయి ఆ వేలు చూపించింది. చూసినవాళ్లందరూ గాయం పెద్దదేనన్నారు.